పీసీ కుంపటిలా కాలుతోందా? ఫ్యాన్ హోరు ఆగట్లేదా? మామిడి సీజన్‌కు ముందే ఈ పనులు చేసేయండి!

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, నూజివీడు చుట్టుపక్కల తోటల్లో హడావుడి మొదలవుతుంది. బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, కలెక్టర్ కాయలు.. కోత, గ్రేడింగ్, ప్యాకింగ్, లోడింగ్ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. సరుకు బిల్లులు, రైతుల ఖాతాలు, లారీ కిరాయిల లెక్కలు చూసే కంప్యూటర్ కూడా ఆ రెండు మూడు నెలలు పొద్దస్తమానం ఆన్‌లోనే ఉంటుంది. ఇదే టైమ్‌లో పదో తరగతి రిజల్ట్స్ వస్తాయి. 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉన్న ఊరు కాబట్టి అడ్మిషన్ అప్లికేషన్ల కోసం నెట్ సెంటర్లకు పిల్లలు, తల్లిదండ్రులు క్యూ కడతారు.

సరిగ్గా అప్పుడే పీసీ మొరాయిస్తుంది. ఫ్యాన్ మిక్సీలా హోరెత్తుతుంది. బిల్లు కొడుతుంటే స్క్రీన్ నెమ్మదిస్తుంది. ఒక్కోసారి చెప్పాపెట్టకుండా ఆఫ్ అయిపోతుంది. సేవ్ చేయని లెక్క పోయినట్టే. పాత హార్డ్ డిస్క్ దెబ్బతింటే సీజన్ మొత్తం లెక్కలు కూడా గల్లంతే!

మరి దీనికి కొత్త కంప్యూటరే కొనాలా? అక్కర్లేదు. చాలా పీసీలకు ముందు కావాల్సింది ఒక బ్రష్, చిన్న ట్యూబ్ పేస్ట్, పావుగంట సెట్టింగ్స్ పని. డబ్బు ఖర్చయ్యే మార్పులు ఆ తర్వాతే. ఏది ముందు, ఏది తర్వాత? వరుసగా చూద్దాం.

అసలు హోరు ఎందుకు వస్తుంది?

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ వాడుకునే కరెంటు దాదాపు మొత్తం చివరకు వేడిగానే మారుతుంది. ఆ వేడిని హీట్‌సింక్ అనే లోహపు రెక్కల దిమ్మ లాక్కుంటుంది. దాని మీది ఫ్యాన్ ఆ వేడిని గాల్లోకి తోసేస్తుంది. కేబినెట్ వెనకున్న ఫ్యాన్ ఆ వేడి గాలిని బయటకు పంపుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా ప్రాసెసర్ వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచడానికి మదర్‌బోర్డ్ ఫ్యాన్ స్పీడు పెంచుతుంది. మనకు వినిపించే హోరు అదే.

అంటే శబ్దం రోగం కాదు, రోగ లక్షణం. వేడి తగ్గితే శబ్దం దానంతట అదే తగ్గుతుంది. అందుకే ‘చల్లదనానికి ఒక ఖర్చు, నిశ్శబ్దానికి ఇంకో ఖర్చు’ అని విడివిడిగా లెక్క వేసుకోనక్కర్లేదు.

ఫ్యాన్ల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. స్పీడు 20 శాతం తగ్గిస్తే గాలి కూడా 20 శాతమే తగ్గుతుంది. కానీ శబ్దం సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీడు సగానికి తగ్గిస్తే శబ్దం 15 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి ఒక చిన్న ఫ్యాన్‌ను గిరగిరా తిప్పడం కంటే పెద్ద ఫ్యాన్‌ను నిదానంగా తిప్పడమే మేలు.

గది వేడే మొదటి లెక్క

జనవరిలో బాగానే ఉన్న పీసీ మే నెలలో ఎందుకు అల్లాడిపోతుంది? కారణం సింపుల్. గాలితో చల్లబరిచే ఏ కూలర్ అయినా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి తీసుకెళ్లలేదు. గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పైకి పోతుంది.

ఉదాహరణకు గదిలో 25 డిగ్రీలు ఉన్నప్పుడు పని మీదున్న ప్రాసెసర్ 70 డిగ్రీలు చూపిస్తోందనుకుందాం. అంటే గదికి, ప్రాసెసర్‌కు మధ్య తేడా 45 డిగ్రీలు. మే మధ్యాహ్నం రేకుల షెడ్డులో 40 డిగ్రీలు ఉంటే అదే పీసీ, అదే పనికి 85 దగ్గరకు చేరుతుంది. పీసీలో తేడా ఏమీ రాలేదు, గది మారిందంతే.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ‘నీళ్లతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ పెట్టిస్తే ఏసీలా పనిచేస్తుంది’ అనుకుంటారు. అది కరెక్ట్ కాదు. లిక్విడ్ కూలర్ కూడా చివరకు వేడిని ఆ గది గాల్లోకే వదలాలి. 40 డిగ్రీల గదిలో దానికీ 40 డిగ్రీల గాలే దిక్కు. బిల్లింగ్, టైపింగ్, డీటీపీ పనులు చేసే పీసీకి ఆ ఖర్చు దండగ.

ముందు కొలవండి, తర్వాతే విప్పండి

‘బాగా వేడెక్కుతోంది’ అంటే సరిపోదు, నంబర్ కావాలి. హెచ్‌డబ్ల్యూ మానిటర్, కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో ఏదో ఒకటి దాని అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, రోజూ చేసే పని చేస్తూ అరగంట పాటు చూడండి. ఈ మూడూ రాసిపెట్టుకోండి: గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ గరిష్ఠ ఉష్ణోగ్రత, ఫ్యాన్ స్పీడు.

* ఎండాకాలంలో పని మీద 80 లోపు ఉంటే కంగారు పడక్కర్లేదు.
* మామూలు ఆఫీస్ పనికే 85 దాటుతుంటే క్లీనింగ్ చేయాల్సిందే.
* 95 దగ్గర తచ్చాడుతుంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటున్నట్టే. ఈ పరిమితి మోడల్‌ను బట్టి సాధారణంగా 90 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. అదీ దాటితే పీసీ ఆఫ్ అయిపోతుంది.
* పాత హార్డ్ డిస్క్ 50 దాటకుండా చూసుకోవడం మంచిది. చాలా డిస్కులకు కంపెనీలు ఇచ్చే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలే.

పని ఏమీ లేకుండా, పీసీ ఖాళీగా ఉన్నప్పుడూ ఫ్యాన్ హోరెత్తుతోందా? అయితే టాస్క్ మేనేజర్ ఓపెన్ చేయండి. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదో ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను తినేస్తుండొచ్చు. అదే కారణమైతే స్క్రూడ్రైవర్‌తో పనే లేదు.

స్టెప్ 1: చోటు మార్చండి.. పైసా ఖర్చు లేదు

కాయల్ని గడ్డిలో కప్పి మగ్గబెడతారు. చాలా ఆఫీసుల్లో కంప్యూటర్‌నూ అలాగే మగ్గబెడుతున్నారు! కంప్యూటర్ టేబుల్ కింద మూడు వైపులా మూసి ఉన్న అరలో కేబినెట్, వెనక గోడ ఆనుకుని, పైన గుడ్డ కవర్, పక్కనే వేడెక్కే యూపీఎస్.. ఇక లోపలి వేడి ఎటు పోవాలి?

* కేబినెట్‌ను అరలోంచి బయటకు తీయండి. వెనక కనీసం జానెడు ఖాళీ వదలండి.
* కవర్ దుమ్ముకు మంచిదే. కానీ పీసీ ఆఫ్ చేశాకే వేయండి.
* నేల మీద పెట్టొద్దు. ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్మంతా లోపలికే పోతుంది. చిన్న స్టూల్ ఎత్తు చాలు.
* కిటికీలోంచి నేరుగా ఎండ పడే చోటు వద్దు. పడమటి గోడ పక్కన కూడా వద్దు. సాయంత్రానికి ఆ గోడే పొయ్యిలా ఉంటుంది.
* దేవుడి పటం కింద పీసీ ఉంటే అగరుబత్తి చోటు మార్చండి. ఆ పొగ జిగురులా పట్టి, దుమ్మును అట్టకట్టిస్తుంది.

స్టెప్ 2: దుమ్ము దులపండి.. కానీ ఇలా!

తోటల దారుల్లో ట్రాక్టర్లు, లారీలు తిరిగే సీజన్ ఇది. మట్టి దుమ్ము, గడ్డి నూగు, అట్టపెట్టెల పొట్టు.. అన్నీ ఫ్యాన్ లాగేసుకుంటుంది. హీట్‌సింక్ రెక్కల మధ్య అది దుప్పటిలా పేరుకుంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి అవతలికి పోదు. ఏళ్ల తరబడి తెరవని పీసీలో ఒక్క క్లీనింగ్‌తోనే పది డిగ్రీల దాకా తగ్గిన సందర్భాలు మెకానిక్‌లకు కొత్త కాదు.

ఇలా చేయండి. పీసీ ఆఫ్ చేసి, ప్లగ్ పూర్తిగా తీసేయండి. తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచితే లోపల మిగిలిన చార్జ్ పోతుంది. పీసీని ఆరుబయటకు తీసుకెళ్లండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకితే ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. మెత్తని పెయింట్ బ్రష్‌తో దుమ్ము కదిపి, చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవడం తప్పనిసరి. లేకపోతే అది విపరీతమైన స్పీడులో తిరిగి బేరింగ్ పాడవుతుంది. అప్పటిదాకా లేని కిరకిర ఆ రోజు నుంచే మొదలవుతుంది.

పంచర్ షాపులో గాలి కొట్టిస్తే పనైపోతుందని కొందరు పీసీని అక్కడికి మోసుకెళ్తారు. అది వద్దు. ఆ కంప్రెసర్ గాలిలో నీటి తుంపర, ఆయిల్ కలిసి వస్తాయి. ప్రెషర్ కూడా చాలా ఎక్కువ. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకు తాకించడం కూడా ప్రమాదమే, స్టాటిక్ పుడుతుంది.

వెనకాల వాడని స్లాట్లకు రేకు ముక్కలు ఊడిపోయి ఉన్నాయేమో చూడండి. ఆ సందుల్లోంచే బల్లులు, చీమలు దూరతాయి. మామిడి రసం అంటిన చేతులతో కీబోర్డ్ దగ్గర కూర్చుంటే చీమలకు దారి చూపించినట్టే!

స్టెప్ 3: థర్మల్ పేస్ట్ మార్చండి

ప్రాసెసర్‌కు, హీట్‌సింక్‌కు మధ్య కంటికి కనిపించని సందులు ఉంటాయి. వాటిని నింపేదే థర్మల్ పేస్ట్. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోయి సుద్దలా మారుతుంది. దుమ్ము తీశాక కూడా వేడి తగ్గకపోతే అనుమానించాల్సింది దీన్నే. చిన్న ట్యూబ్ కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది, నాలుగైదు సార్లకు వస్తుంది.

పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని గుడ్డతో పూర్తిగా తుడవాలి. కొత్త పేస్ట్ మధ్యలో బఠాణీ గింజంత చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లగా ఉంటుందన్నది అపోహ. హీట్‌సింక్ బిగించేటప్పుడు ఎదురెదురు మూలల స్క్రూలను కొద్దికొద్దిగా, మార్చి మార్చి తిప్పాలి.

రెండు జాగ్రత్తలు. ఇంటెల్ కంపెనీతో వచ్చే కూలర్లకు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. నాలుగూ ‘టక్’మని పడ్డాయో లేదో చూసుకోవాలి. ఒక్కటి వదులైనా వేడి అమాంతం పెరుగుతుంది. పాత ఏఎం4 సాకెట్ ఏఎండీ పీసీ అయితే, విప్పే ముందు కాసేపు ఆన్ చేసి పేస్ట్‌ను వెచ్చబడనివ్వండి. తర్వాత ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి. ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా అంటుకుని ఊడి వచ్చేస్తుంది. పిన్నులు వంగితే అంతే సంగతులు.

స్టెప్ 4: సెట్టింగ్స్ మార్చండి.. ఇదీ ఫ్రీనే!

చాలామంది వదిలేసేది ఇదే. లాభం ఎక్కువ ఇచ్చేదీ ఇదే.

ఫ్యాన్ కంట్రోల్: పీసీ ఆన్ అయ్యేటప్పుడు బయోస్‌లోకి వెళ్తే ఫ్యాన్ సెట్టింగ్స్ కనిపిస్తాయి. ఎంత వేడికి ఎంత స్పీడు తిరగాలో అక్కడ గీత గీసినట్టు సెట్ చేసుకోవచ్చు. 60 డిగ్రీల దాకా నిదానంగా, 75 నుంచి చురుగ్గా, 85 దాటితే ఫుల్ స్పీడు అని పెట్టుకుంటే సరి. చివరి భాగాన్ని మాత్రం తగ్గించొద్దు, ఎండాకాలంలో అదే రక్ష. స్పీడు మారడానికి కొన్ని సెకన్లు ఆలస్యం పెట్టే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. ప్రతి క్లిక్‌కూ ఫ్యాన్ గుర్రుమని లేవడం ఆగిపోతుంది.

మూడు పిన్నులా, నాలుగు పిన్నులా: మూడు పిన్నుల ఫ్యాన్‌ను నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం మోడ్‌లో వదిలేస్తే అది ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది. బయోస్‌లో దాన్ని డీసీ మోడ్‌కు మార్చాలి. ఎస్‌ఎంపీఎస్ వైరుకు నేరుగా తగిలించిన కేబినెట్ ఫ్యాన్ కూడా అంతే, దానికి స్పీడు కంట్రోల్ ఉండదు. చాలా పీసీల్లో ఆగని హోరుకు అసలు కారణం ఈ ఒక్క కనెక్షనే.

కరెంటు వాడకానికి హద్దు: కొత్త ప్రాసెసర్లు అవసరం లేకపోయినా స్పీడు అందుకుంటాయి. ఉదాహరణకు కోర్ ఐ5-12400 బేస్ పవర్ 65 వాట్లే, కానీ టర్బోలో 117 వాట్ల దాకా లాగగలదు. బయోస్‌లో ఆ గరిష్ఠ హద్దును 65 వాట్లకు తగ్గిస్తే బిల్లింగ్ పనిలో తేడా తెలియదు, వేడి మాత్రం తగ్గుతుంది. ఏఎండీ రైజెన్ ఉంటే చాలా బోర్డుల్లో ‘ఎకో మోడ్’ అని ఉంటుంది. బయోస్ అంటే భయమా? విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ను 100 నుంచి 99కి మార్చి చూడండి. చాలా పీసీల్లో ఈ ఒక్క శాతంతో టర్బో ఆగిపోతుంది, వేడి దిగుతుంది. వర్షాలు పడ్డాక మళ్లీ 100కి మార్చేసుకోవచ్చు.

స్టెప్ 5: కేబినెట్‌కు గాలి దారి

ఇక్కడి నుంచి జేబులో చెయ్యి పెట్టాలి. చవక కేబినెట్లలో వెనక ఒకే ఒక్క ఫ్యాన్ ఉంటుంది. ముందు వైపు మాత్రం అట్టలా మూసేసి ఉంటుంది. ముందు ఒకటి లేదా రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు గాలిని లోపలికి లాగేలా, వెనకది బయటకు తోసేలా పెట్టాలి. ఫ్యాన్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటే గాలి ఎటు పోతుందో తెలుస్తుంది. గుర్తు లేకపోతే అగరుబత్తి పొగ దగ్గర పెట్టి చూడండి.

లోపలికి వచ్చే గాలి బయటకు పోయే గాలి కంటే కాస్త ఎక్కువ ఉండాలి. అప్పుడు గాలి ఫిల్టర్ ఉన్న చోటు నుంచే లోపలికి వస్తుంది, ప్రతి సందులోంచీ దుమ్ము పీల్చుకోదు. ముందు ఫ్యాన్లకు సన్నని జాలీ ఫిల్టర్ తప్పనిసరి. కాకపోతే సీజన్‌లో పదిహేను రోజులకోసారి దాన్ని తీసి దులపాలి. మూసుకుపోయిన ఫిల్టర్ కంటే ఫిల్టర్ లేకపోవడమే నయం.

ఫ్యాన్లు ఎక్కువైతే శబ్దం కూడా ఎక్కువ కాదా? ఒకే స్పీడులో ఒకటికి రెండు పెడితే 3 డెసిబెల్స్ పెరుగుతుంది. కానీ రెండు ఉంటే రెండింటినీ నిదానంగా తిప్పొచ్చు. అప్పుడు తగ్గేది అంతకంటే ఎక్కువ.

స్టెప్ 6: ప్రాసెసర్ కూలర్

పై పనులన్నీ చేశాక కూడా మధ్యాహ్నం 85 దాటుతుంటే టవర్ కూలర్ గురించి ఆలోచించొచ్చు. నిలువుగా ఉండే రెక్కలు, వాటిలోంచి రాగి హీట్ పైపులు, పక్కన 120 మిల్లీమీటర్ల ఫ్యాన్.. దాని రూపం ఇదే. ప్రాసెసర్‌తో ఫ్రీగా వచ్చే చిన్న కూలర్ 2500 ఆర్‌పీఎంలో చేసే పనిని ఇది అందులో సగం స్పీడులోనే చేయగలదు. కూలర్ మాస్టర్ హైపర్ 212, డీప్‌కూల్ ఏకే400 లాంటివి ఈ తరగతిలో బాగా తెలిసిన మోడళ్లు. ఆస్ట్రియాకు చెందిన నాక్టువా నిశ్శబ్దానికి పేరున్న బ్రాండ్, ధర మాత్రం ఎక్కువే.

కొనే ముందు టేపు పట్టండి. ఈ కూలర్ల ఎత్తు 155 నుంచి 160 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సన్నని కేబినెట్ అయితే పక్క తలుపు మూతపడదు. మీ సాకెట్‌కు సరిపడే క్లిప్పులు డబ్బాలో ఉన్నాయో లేదో కూడా అడగండి. బ్రాండెడ్ కంపెనీల చిన్న ఆఫీస్ పీసీల్లో ఫ్యాన్ కనెక్టర్లే వేరుగా ఉంటాయి, బయటి కూలర్ పట్టదు. వాటికి మొదటి నాలుగు స్టెప్పులే మార్గం.

స్టెప్ 7: హార్డ్ డిస్క్ దిగి ఎస్‌ఎస్‌డీ ఎక్కండి

నూజివీడు మామిడికే కాదు, వీణలకూ పేరున్న ఊరు. తీగ ఒక్కటే మోగితే వచ్చే శబ్దం ఎంత? పనస కర్రతో చేసిన కుండ తోడైతేనే అది గదంతా నిండుతుంది. కంప్యూటర్‌లోనూ జరిగేది అదే, కాకపోతే వినసొంపుగా ఉండదు! 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఆ అదురు స్క్రూల ద్వారా పలుచటి రేకు కేబినెట్‌కు పాకి, డబ్బా మొత్తం ‘మ్‌మ్’ అని మోగుతుంది. కేబినెట్ మీద అరచెయ్యి ఆనించి నొక్కి చూడండి. శబ్దం తగ్గితే అది గాలి హోరు కాదు, అదురు. కింద రబ్బరు బుష్‌లు పెట్టి, వదులైన స్క్రూలు బిగిస్తే కొంత తగ్గుతుంది.

పూర్తి పరిష్కారం ఎస్‌ఎస్‌డీ. అందులో తిరిగే భాగమే ఉండదు కాబట్టి శబ్దం సున్నా. వేడి కూడా తక్కువే. పైగా పాత పీసీకి ప్రాణం లేచొచ్చినట్టు స్పీడు వస్తుంది. అన్ని అప్‌గ్రేడ్‌లలో రోజూ కళ్లకు కనిపించే తేడా ఇదే.

ఒక్క మాట. డిస్క్ మార్చే ముందు డేటా బ్యాకప్ తీయండి. మార్చాక కూడా లెక్కల కాపీ ఒకటి వేరే పెన్‌డ్రైవ్‌లోనో, బయటి డిస్క్‌లోనో ఉంచండి. చల్లగా ఉన్న డిస్క్ కూడా ఏదో ఒక రోజు పోతుంది.

ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డ్ సంగతేంటి?

వెనక పైనో కిందో ఉండే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ కూడా హోరుకు కారణం కావచ్చు. దాన్ని బయటి నుంచి బ్రష్‌తో దులపండి. లోపలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ ఉంటుంది. ఫ్యాన్ కిరకిరలాడుతుంటే, కాలిన వాసన వస్తుంటే మొత్తం యూనిట్ మార్చడమే క్షేమం. కొనేటప్పుడు 80 ప్లస్ గుర్తు ఉన్నది తీసుకోండి. దాని సామర్థ్యం ఎక్కువ, కాబట్టి అది వృథా చేసే వేడి తక్కువ.

గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవారు డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో గానీ, ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో గానీ పవర్ లిమిట్‌ను 80 శాతానికి తగ్గించి చూడొచ్చు. గేమ్‌లో స్పీడు కాస్తే తగ్గుతుంది, వేడి, హోరు మాత్రం బాగా దిగుతాయి. బిల్లింగ్ పీసీలో పాత గ్రాఫిక్స్ కార్డ్ ఊరికే ఉంటే, ప్రాసెసర్‌లోనే డిస్‌ప్లే సౌకర్యం ఉన్నప్పుడు దాన్ని తీసేయడమే మంచిది.

ఎయిర్ కూలర్ ఉంటే?

పొడి వడగాలి వీచే రోజుల్లో నీళ్ల ఎయిర్ కూలర్ గదిని కొన్ని డిగ్రీలు దించుతుంది. ఆ మేరకు పీసీ కూడా చల్లబడుతుంది. కానీ రెండు షరతులు. కూలర్ ముందు పీసీని పెట్టొద్దు. తడి గాలితో పాటు నీటి తుంపర లోపలికి పోతే బోర్డు మీద దుమ్ము తడిసి తుప్పు పడుతుంది. ఇక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి. లేకపోతే గదిలో తేమ పెరిగి కూలర్ పనిచేయడం మానేస్తుంది. ఉక్కపోత రోజుల్లో ఎలాగూ దానివల్ల పెద్ద లాభం ఉండదు.

ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు?

వరుస ఇది: చోటు మార్పు, క్లీనింగ్, సెట్టింగ్స్‌కు దాదాపు ఖర్చే లేదు. పేస్ట్‌కు వందల్లో. కేబినెట్ ఫ్యాన్లు ఆ తర్వాత. ఎస్‌ఎస్‌డీ, టవర్ కూలర్ చివర్లో. ఒక్కో మార్పు చేశాక మళ్లీ అదే మధ్యాహ్నం వేళ కొలవండి. నంబర్ 80 లోపుకు వచ్చి, హోరు ఆగిందంటే అక్కడితో ఆపేయొచ్చు. మిగతా డబ్బు మిగిలినట్టే.

పీసీ మరీ పాతదైతే ఇంకో విషయం చూడాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. అంతకంటే పాత పీసీకి టవర్ కూలర్ పెట్టించడం కంటే క్లీన్ చేసి, పేస్ట్ మార్చి ఈ సీజన్ దాటించడమే తెలివైన పని. ఎస్‌ఎస్‌డీ మాత్రం కొన్నా నష్టం లేదు, రేపు కొత్త పీసీలోకి మార్చుకోవచ్చు.

తరచూ వచ్చే డౌట్లు

పక్క తలుపు తీసి, టేబుల్ ఫ్యాన్ పెడితే సరిపోదా?
అత్యవసరంలో ఓకే. ఒకట్రెండు రోజులు గట్టెక్కిస్తుంది. అలాగే వదిలేస్తే దుమ్ము, చీమలు, బల్లులు నేరుగా బోర్డు మీదకే వస్తాయి. చిన్నపిల్లలు ఉన్న చోట అసలే వద్దు.

ఎన్నాళ్లకోసారి క్లీన్ చేయాలి?
తోటలు, మట్టి రోడ్ల పక్కన ఏడాదికి రెండుసార్లు. ఒకటి మార్చిలో, సీజన్ మొదలయ్యే ముందు. రెండోది జులైలో, సరుకు హడావుడి తగ్గాక. పేస్ట్ మాత్రం మూడు నాలుగేళ్లకోసారి చాలు.

వేడిగా ఉన్నా నడుస్తోంది కదా, నష్టమేంటి?
ఇవాళ నడుస్తుంది. కానీ ఎస్‌ఎంపీఎస్‌లో, పాత మదర్‌బోర్డుల్లో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు సగమవుతుంది. అంటే రోజూ 10 డిగ్రీలు తగ్గించగలిగితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపైనట్టే.

ఒక్కసారిగా ఆఫ్ అయిపోతోంది, వెంటనే ఆన్ చేయొచ్చా?
వద్దు. పావుగంట ఆగండి. ఆన్ చేయగానే ముందు బ్యాకప్ తీయండి. తర్వాత ఉష్ణోగ్రత చూడండి. వేడి మామూలుగానే ఉండి కూడా ఆఫ్ అవుతుంటే తప్పు ఎస్‌ఎంపీఎస్‌దో, యూపీఎస్‌దో, కరెంటు లైన్‌దో కావచ్చు. ఫ్యాన్లు ఎన్ని మార్చినా ఉపయోగం ఉండదు.

మార్చిలో ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు కేటాయిస్తే ఇందులో సగానికి పైగా పని పూర్తవుతుంది. కాయ లోడు గుమ్మంలో ఉన్నప్పుడు, రైతు లెక్క కోసం ఎదురుగా కూర్చున్నప్పుడు పీసీ ఆగిపోతే ఆ రెండు గంటల విలువ తెలిసొస్తుంది. పూత దశలోనే తోటకు మందు కొట్టినట్టు, ఎండలు ముదరకముందే పీసీకీ ఈ సేవ చేసేయండి.